గడీ ఎప్పుడు ఖాళీ అయింది? ఉత్తర తెలంగాణ పాత ఇళ్ళ సంరక్షణకు సాహిత్య సాక్ష్యం

వ్యాససంగ్రహం:
ఉత్తర తెలంగాణలో పాత ఇళ్ళను, పాత వాడలను కాపాడుకోవాలన్న ఆలోచన క్రమంగా బలపడుతున్నది. ఈ ఆలోచన ఎక్కువగా గడీల చుట్టూ, ప్రముఖుల ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నది. కట్టడం వయసు, నిర్మాణశైలి, వాడిన సామగ్రి అన్న మూడు కొలతలతోనే ఇంటి విలువను నిర్ణయించడం వల్ల ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేశారు, ఏ దారిన వచ్చి పోయారు, ఆ ఇల్లు ఎందుకు ఖాళీ అయింది అన్న చరిత్ర పక్కకు పోతున్నది. ఆ చరిత్రను భద్రపరచినది ఈ ప్రాంతపు నవల, కథ, స్మృతి రచన. ‘వేయిపడగలు’, ‘ప్రజల మనిషి’, ‘చిల్లర దేవుళ్ళు’, ‘కొలిమంటుకున్నది’, ‘గొల్ల రామవ్వ’, ‘యాది’ రచనల ఆధారంగా సంరక్షణ ప్రయత్నాలను విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గడీ, వెట్టి, ఆడబాప, పాత ఇళ్ళ సంరక్షణ, జగిత్యాల, దోమకొండ, వంగర, మార్లవాయి, తెలంగాణ నవల.

1. ఉపోద్ఘాతం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో ‘పాత ఇల్లు’ అనగానే వారసత్వ కట్టడాల అభిమానులకు మొదట స్ఫురించేది గడీ. ఎత్తైన ప్రహరీ, మూలన బురుజు, పెద్ద దర్వాజ, టేకు స్తంభాల మీద నిలిచిన భవంతి, డంగుసున్నపు గచ్చు, ఇవన్నీ ఉన్న ఇల్లు ఫొటోలో అందంగా ఒదుగుతుంది. అదే ఊళ్ళో తరాలుగా ఉంటున్న చాకలి, మాదిగ, గొల్ల కుటుంబాల పెద్దలను కదిలిస్తే గడీ అన్న మాటకు మరో అర్థం వస్తుంది. చెప్పులు విడిచి నడవవలసిన తోవ, పిలుపు వచ్చిన పూట తిండి మాని పోవలసిన చోటు, తీర్పు చెప్పేవాడే వాది కూడా అయిన కచేరి. ఒకే గోడకు లోపలి వైపు నుండి ఒక చరిత్ర, బయటి వైపు నుండి మరో చరిత్ర ఉన్నాయి. సంరక్షణ పేరుతో జరుగుతున్న పనిలో మొదటిదానికి రాతిఫలకం దొరుకుతున్నది, రెండవదానికి దొరకడం లేదు.

రెండవ చరిత్రకు ఆధారాలు లేవని కాదు. వెట్టి చేసినవారు దస్తావేజులు రాసిపెట్టుకోలేదు గాని, వారి తరఫున తెలంగాణ కథా సాహిత్యం రాసింది. అయితే మన విమర్శలో గడీ చాలాకాలంగా ఒక ‘ప్రతీక’గా స్థిరపడిపోయింది. భూస్వామ్యానికి ప్రతీక, దోపిడికి ప్రతీక అని ఒక వాక్యం రాసి ముందుకు పోవడం పరిశోధన వ్యాసాలలో అలవాటైంది. ప్రతీక అన్న మాట వాడిన క్షణం నుండి గడీకి తలుపులు, అర్రలు, దొడ్డి, గరిసె ఉన్న సంగతి మరుగున పడుతుంది. గడీని మొదట ఒక ఇల్లుగా చదవాలి. అది పనిచేసిన తీరును సాహిత్యం నుండి రాబట్టాలి. అప్పుడే సంరక్షకుల ముందు సాహిత్య విద్యార్థి చెప్పగలిగిన మాట ఒకటి ఉంటుంది.

2. ఏ ఇల్లు మిగులుతుంది?

పాత ఇళ్ళలో మిగిలేవి ఏవి అన్నది ముందుగా సామగ్రికి సంబంధించిన ప్రశ్న. రాయి, సున్నం, టేకు ఉన్న ఇల్లు పట్టించుకునేవారు లేకపోయినా కొన్ని దశాబ్దాలు నిలుస్తుంది. మట్టిగోడ, తాటి దూలం, గూనపెంకలు, గడ్డికప్పు ఉన్న ఇల్లు ఏటేటా చేయి పడకపోతే రెండు మూడు వానకాలాలు కూడా తట్టుకోలేదు. కనుక ‘మిగిలినదానిని కాపాడుదాం’ అన్న సూత్రం చూడడానికి నిష్పాక్షికంగా ఉన్నా, ఆచరణలో కలిగినవారి ఇళ్ళకే వర్తిస్తుంది. ఆ గడీని కట్టిన వడ్డెర, వడ్రంగి, కమ్మరి, కూలీల ఇళ్ళు ఏ జాబితాలోకీ ఎక్కే అవకాశం లేదు.

చట్టం ఈ వాలును సరిచేయలేదు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం పురాతన కట్టడం అనిపించుకోవడానికి కనీసం 100 ఏళ్ళ వయసుండాలి. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో కట్టిన ఇళ్ళు ఆ గీతకు అటూఇటూగా నిలుస్తాయి. హైదరాబాదులో 1995లో హుడా తెచ్చిన 13వ నియమం ప్రైవేటు యాజమాన్యంలోని పాత భవనాలకు కొంత రక్షణ కల్పించింది. 2015లో దానిని తొలగించారు. అది ఉన్న రోజులలో కూడా రాజధాని పరిధి దాటి కరీంనగర్‌కో, నిర్మల్‌కో వర్తించలేదు. 2017లో తెలంగాణ రాష్ట్రం తన సొంత వారసత్వ సంరక్షణ చట్టం చేసుకుంది. అదే 2017లో కరీంనగర్ నగరం స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికైంది. ఈ రెండింటిలో నగరవాసుల నిత్యజీవితాన్ని ఏది ఎక్కువగా తాకిందో చెప్పనక్కరలేదు. రోడ్డు వెడల్పు, కాలువ, ఫుట్‌పాత్ కావలసినవే. వాటి లెక్కల్లో కమాన్, గంజ్ పరిసరాలలోని పాత అరుగుల ఇళ్ళకు ఒక గడి కూడా లేకపోవడమే ఇక్కడి ఆక్షేపణ.

ఎలగందుల ఇందుకు మంచి ఉదాహరణ. మానేరు ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు జిల్లా కేంద్రం. నిజాం కాలంలో ఆ హోదా కరీంనగర్‌కు మారింది. కరీంనగర్ పేరే ఎలగందుల ఖిలాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద ఏర్పడిందని చెబుతారు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి తీగ పనికి కూడా ఎలగందులే పుట్టినిల్లని ప్రసిద్ధి. అధికారం తరలింది, పనితనం తరలింది, ఊరు మిగిలింది. ఇవాళ ఎలగందుల అంటే సందర్శకునికి కొండమీది కోట, మసీదు మీనార్లు. కోట కింద ఒక పట్టణం ఉండేదని, దానికి వాడలు, బజార్లు ఉండేవని ఎవరైనా గుర్తుచేస్తేనే తెలుస్తుంది. దిగువ మానేరు, మధ్య మానేరు, ఎల్లంపల్లి జలాశయాల కింద పోయిన ఊళ్ళ సంగతి ఇంకా కఠినం. అక్కడ కాపాడడానికి గోడ కూడా లేదు. పరిహారం లెక్కలో ఇంటి చదరపు గజాలు నమోదయ్యాయి గాని, ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లు ఉండేదన్నది నమోదు కాలేదు. వాడ అంటే ఆ పక్కపక్కతనమే కదా.

3. కూలే కోట మీద రెండు చూపులు

పాత కట్టడం కూలిపోతుంటే తెలుగు నవల ఎలా చూసింది? ఒకదానికొకటి ఎదురుగా నిలబడే రెండు నవలలు ఇక్కడ ప్రస్తావించాలి. 1930లలో విశ్వనాథ సత్యనారాయణ రాసిన ‘వేయిపడగలు’లో సుబ్బన్నపేట కోట, వేణుగోపాలస్వామి గుడి, ఊరు కలిసి ఒకే దేహం. జమీందారీ క్షీణించడం, కోటకు కళ తప్పడం, పడగలు ఒక్కొక్కటిగా రాలిపోవడం వేరువేరు సంగతులు కావు. కోట అక్కడ ఒక ఆశ్రయం. దాని నీడలో గణాచారికి, పసిరికకు కూడా చోటుంది. ధర్మారావు బాధ కేవలం ఒక భవనం కోసం కాదు, ఆ భవనం ఒకచోట కట్టిపడేసిన బంధాల కోసం. విశ్వనాథ 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆ నవలను ‘సహస్రఫణ్’గా హిందీ చేసిన పాములపర్తి వేంకట నరసింహారావు నాటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగినవారు. ‘వేయిపడగలు’ ఈ జిల్లాకు పరాయి పుస్తకం కాదు.

1955లో వెలువడిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో దిమ్మెగూడెం దొర రామభూపాలరావు ఇంటికి ఆ నీడ లేదు. ఆ ఇంటి నుండి ఊళ్ళోకి వచ్చేవి ఆజ్ఞలు, జుల్మానాలు, భూమి ఆక్రమణలు. ఊరి నుండి ఆ ఇంటికి పోయేవి పంట, పని, మనుషులు. కంఠీరవం వంటివాడు ఎదుగుతున్నకొద్దీ ఊరి కేంద్రం దొర ఇంటి నుండి మరోచోటికి, నలుగురు కూడి చదువుకునే, మాట్లాడుకునే చోటికి జరుగుతుంది. ఆళ్వారుస్వామి స్వయంగా గ్రంథాలయోద్యమ కార్యకర్త కావడం వల్ల ఈ స్థలమార్పిడిని పట్టుకోగలిగారనిపిస్తుంది.

ఈ రెండు చూపులలో ఒకటి కోస్తా జమీందారీది, మరొకటి నిజాం తెలంగాణ దొరతనానిది, కనుక పోల్చరాదని కొందరు అనవచ్చు. పాలనా వ్యవస్థలు వేరన్నది నిజమే. కాని ఇవాళ సంరక్షణ సభలలో వినిపించే భాష దాదాపు ‘వేయిపడగలు’ భాష. ‘మన వైభవం’, ‘మన పూర్వీకుల ఔన్నత్యం’, ‘శిథిలమవుతున్న సంస్కృతి’ అన్న మాటలకు అక్కడినుండే బలం. ఆ భాషను దిమ్మెగూడెం మీద కప్పినప్పుడు పొసగదు. సుబ్బన్నపేట కోట కూలితే ఊరు దిక్కులేనిదవుతుందని విశ్వనాథ నమ్మారు. దిమ్మెగూడెంలో దొర ఇంటి పెత్తనం సడలితేనే ఊరు ఊపిరి తీసుకుంటుందని ఆళ్వారుస్వామి నమ్మారు. సంరక్షకుడు ముందు తన ఎదుట ఉన్నది ఏ ఇల్లో తేల్చుకోవాలి.

4. గడీ లోపలి తోవలు

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ (1969) గడీని ఇల్లుగా చదవడానికి అత్యంత అనువైన రచన. ఊరికి కొత్తగా వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణి చూపు వెంట పాఠకుడు కూడా ఆ లోకంలోకి అడుగుపెడతాడు. ఈ కథన పద్ధతి వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఊరివారికి అలవాటైపోయి కనిపించనివి కొత్తవాడికి కనిపిస్తాయి. పాటను మెచ్చే దొర, అదే దొర చేతిలో నలిగే మనుషులు ఒకే కప్పు కింద ఉన్నారన్న సంగతి అతనికి క్రమంగా తెలిసివస్తుంది. నిర్మాణశైలిని మెచ్చుకునే సందర్శకుని స్థితి కూడా సారంగపాణి తొలి రోజుల స్థితి వంటిదే. ఆ మెప్పు అబద్ధం కాదు, కాని అది తొలి రోజుల మెప్పు.

ఈ నవలలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆడబాప. దొర కూతురు పెండ్లై పోతుంటే అరణంగా వెంట పంపే దాసి స్త్రీ, గడీ మగవారి ఇచ్ఛకు లోబడి అక్కడే బతికి, అక్కడే పిల్లలను కని, ఆ పిల్లలకు తండ్రి పేరు చెప్పుకోలేని స్త్రీ. ఆడబాప గడీ లోపలి మనిషే, కాని ఇంటి మనిషి కాదు. ఏ గడీ పటం గీసినా దొరసాని అర్ర, దేవుని అర్ర, వంటఇల్లు, కచేరి చూపిస్తారు. ఆడబాప ఎక్కడ పడుకునేదో చూపిన పటం నాకు కనబడలేదు. ఆమెకు ప్రత్యేకంగా ఒక అర్ర లేకపోవడమే అందుకు కారణం కావచ్చు. వంటింటి మూల, సాయమాను, దొరసాని మంచం పక్కన నేల, ఇవే ఆమె చోటు. వాస్తుశిల్పి కొలత టేపుకు అందని ఈ స్థలాన్ని నవల కొలిచింది. భవన సంరక్షణ నివేదికకు ఈ నవలను అనుబంధంగా జతచేయాలని అనడం అతిశయోక్తి కాదు.

అల్లం రాజయ్య దగ్గరికి వచ్చేసరికి కథ మరో మలుపు తిరుగుతుంది. మంథని ప్రాంతపు గాజులపల్లి నుండి వచ్చిన ఆయన తన కళ్ళముందు నడుస్తున్న చరిత్రను రాశారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు పెద్ద ఎత్తున కదిలారు. ఆ ఊరేగింపే జగిత్యాల జైత్రయాత్రగా పేరుపొందింది. ఆ సంవత్సరమే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఈ పోరాటాలలో వాడిన ఆయుధాలలో సాంఘిక బహిష్కరణ ఒకటి. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి క్షవరం చేయలేదు, జీతగాళ్ళు దొడ్డికి పోలేదు, నీళ్ళు మోసేవారు మోయలేదు. ‘కొలిమంటుకున్నది’ నవల ఈ వాతావరణం నుండే పుట్టింది.

బహిష్కరణను రాజకీయ చర్యగా చాలామంది విశ్లేషించారు. దానిని ఇంటి చరిత్రగా కూడా చదవవచ్చు. గడీ అంత పెద్ద ఇల్లు ఇతరుల శ్రమ మీద తప్ప ఒక్క రోజు కూడా నడవదు. ఊడ్చి అలికేందుకు పదిమంది, నీళ్ళు తోడి నింపేందుకు నలుగురు, పశువులకు, వంటకు, కావలికి మరికొందరు కావాలి. అంతా వెట్టిగా దొరికినంతకాలమే ఆ వైశాల్యానికి అర్థం. వెట్టి ఆగిన నాడు గడీ తన బరువును తానే మోయలేకపోయింది. చాలా ఊళ్ళలో దొరలు గడీలకు తాళాలు వేసి కరీంనగర్, వరంగల్, హైదరాబాదులకు తరలారు. గడీని ఎవరూ కూల్చకుండానే అది ఖాళీ అయింది. ఇవాళ మనం చూస్తున్న ఊడిపోయిన తలుపులు, పైకప్పు కూలిన భవంతి, నడిమి వాకిట్లో మొలిచిన వేపచెట్టు కాలం ఒక్కటే చేసిన పని కాదు. కొంతవరకు అవి ఊరు చేసిన పని కూడా.

ఇక్కడే సంరక్షణ సిద్ధాంతానికి ఒక చిక్కు ఉంది. కట్టిన నాటి మెరుగుకు తిరిగి తేవడమే పునరుద్ధరణ అనుకుంటే, గడీకి సున్నం వేసి, కొత్త టేకు తలుపులు బిగించి 1920ల నాటి రూపం తెచ్చినప్పుడు, 1978 నాటి జాడ తుడిచిపెట్టుకుపోతుంది. ఖాళీతనం కూడా ఒక చారిత్రక సాక్ష్యం. ‘ఈ భవనాన్ని ఫలానా దొర ఫలానా సంవత్సరంలో నిర్మించెను’ అన్న ఫలకం పక్కన ‘ఈ భవనం ఫలానా సంవత్సరంలో ఖాళీ అయినది, ఇందువల్ల ఖాళీ అయినది’ అన్న వాక్యం కూడా ఉండాలి. అన్ని గడీలూ ఉద్యమం వల్లనే ఖాళీ కాలేదన్నది వాస్తవం. పాలివాళ్ళ పంపకాలు, భూసంస్కరణలు, పిల్లల చదువులు, పట్టణపు కొలువులు కూడా కారణాలే. అందుకే ప్రతి ఇంటికీ విడిగా అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.

పట్టణపు వాడల చరిత్రతోనూ దీనికి ముడి ఉంది. ఊళ్ళో తాళం పడిన గడీకి జతగా పట్టణంలో ఒక కొత్త బంగ్లా లేచింది. కరీంనగర్ విస్తరణను జనాభా లెక్కలతో వివరించేవారు ఈ వలసను వేరుగా గుర్తించరు. సంపద ఊరి నుండి పట్టణానికి మారిన తీరు తెలియాలంటే గడీని, బంగ్లాను కలిపి చదవాలి.

5. స్థానిక ప్రయత్నాలు: దోమకొండ, వంగర

పూర్వపు కరీంనగర్ జిల్లాకు పడమటి పొరుగున, నేటి కామారెడ్డి జిల్లాలో ఉన్న దోమకొండ కోట స్థానిక సంరక్షణకు అందరూ ఉదాహరించే కట్టడం. సంస్థానాధీశుల వంశీయులే పూనుకొని, సున్నపు పని తెలిసిన పనివారితో బాగుచేయించారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ సంరక్షణ పురస్కారాలలో దీనికి ప్రతిభా పురస్కారం లభించింది. ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా ఒక కుటుంబం ఇంత పని చేయడం, సిమెంటు పూతల కాలంలో డంగుసున్నాన్ని తిరిగి వాడుకలోకి తేవడం మెచ్చుకోదగినవి. దోమకొండ సంస్థానం, మామూలు దేశ్‌ముఖ్ గడీ ఒకటి కావన్నదీ గుర్తుంచుకోవాలి. అయినా వంశీయులే కథకులైనప్పుడు కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఊహించడం కష్టం కాదు. ఇది వారి తప్పు అనలేము. ఎవరి ఇంటి కథ వారు ప్రేమతోనే చెప్పుకుంటారు. కోట చుట్టూ ఉన్న దోమకొండ ఊరి కథను చెప్పవలసినవారు వేరే ఉన్నారు, ఆ బాధ్యత కొంత మన విశ్వవిద్యాలయాలది.

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో చెరకు తోటల యజమానుల భవనాలు అనేకం పర్యాటక స్థలాలుగా మారాయి. వాటిలో విట్నీ తోటను 2014లో మరో పద్ధతిలో తెరిచారు. అక్కడ సందర్శకునికి చెప్పే కథకు కేంద్రం యజమాని భవనం కాదు, ఆ తోటలో బానిసలుగా బతికినవారు, వారి పేర్లు, వారి గుడిసెలు. వెట్టి, బానిసత్వం ఒకటి కావు. కాని అదే భవనాన్ని పడగొట్టకుండానే కథను తిరగరాయవచ్చని ఆ ప్రయత్నం చూపింది. గడీలను నేలమట్టం చేయడమే న్యాయమనే వాదన మన దగ్గర కూడా ఉంది. అనుభవించినవారి నుండి వచ్చినప్పుడు దానిని తేలికగా కొట్టివేయలేము. అయితే గడీ కూలిన చోట ప్లాట్లు లేస్తాయి, దానితో సాక్ష్యం కూడా పోతుంది. వెట్టి జరగలేదని రేపు ఎవరైనా అంటే చూపించడానికి దొడ్డి గోడ కూడా ఉండదు.

వంగర సంగతి ఇంతకంటే ఆసక్తికరం. పి.వి. నరసింహారావు పెరిగిన ఇంటిని స్మారక ప్రదర్శనశాలగా మలిచారు. ఊరు ఇప్పుడు హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. 1971 నుండి 1973 వరకు ముఖ్యమంత్రిగా ఉండి భూసంస్కరణలను ముందుకు తెచ్చిన భూస్వామి ఇల్లు అది. అంటే తన వంటి ఇళ్ళ పునాదిని కదిలించిన మనిషి ఇల్లు. ఈ విరోధమే ఆ ప్రదర్శనశాలకు ప్రాణం కావాలి. ప్రధానమంత్రి వాడిన కుర్చీ, కళ్ళజోడు, పుస్తకాలు చూపడం సులభం. ఆయన రాసిన ‘గొల్ల రామవ్వ’ను అక్కడ ఎలా చూపాలన్నదే అసలు ప్రశ్న.

6. రామవ్వ గుడిసె

1949లో ‘కాకతీయ పత్రిక’లో ‘విజయ’ అన్న కలం పేరుతో వచ్చిన ఆ కథలో రాత్రివేళ పోలీసుల నుండి తప్పించుకుంటూ వచ్చిన ఒక యువకునికి గొల్ల ముసలమ్మ తన గుడిసెలో చోటిస్తుంది. వెతుక్కుంటూ వచ్చినవారి ముందు అతణ్ణి తన ఇంటి మనిషిగా నిలబెడుతుంది. కథంతా దాదాపు ఆ చిన్న గుడిసెలోనే నడుస్తుంది. గడీ తలుపు ఎంత పెద్దదైనా ఆ యువకునికి తెరుచుకోదు. గుడిసె తలుపు తడక మాత్రమే, కాని అదే అడ్డుగా నిలుస్తుంది. పెద్ద ఇంట్లో పెరిగిన ఒక యువ రచయిత తన కథకు చిన్న ఇంటిని ఎన్నుకున్నాడు. ఆ పెద్ద ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. రామవ్వ గుడిసె వంటిది తెలంగాణలో ఎక్కడా కాపాడబడలేదు, బడదు కూడా. అది ఆ కథలో తప్ప మరెక్కడా లేదు. వంగర ఇంట్లో ఒక అర్రలో ఈ కథను మొదటి నుండి చివరి దాకా చదివి వినిపించే ఏర్పాటు చేస్తే, పెద్ద ఇంట్లోనే చిన్న ఇంటికి చోటు దొరుకుతుంది. ఖర్చు కూడా పెద్దగా లేదు.

గోడను నిలబెట్టడమే సంరక్షణ అన్న భావన ఆదిలాబాద్ అడవులకు పోగానే సడలిపోతుంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం తరఫున వచ్చిన హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్య నివసించారు. వెదురు, కర్ర, మట్టి, గడ్డితో కట్టే గోండు ఇల్లు శాశ్వతంగా నిలవాలని కట్టినది కాదు. గూడెమే ఒకచోటి నుండి మరోచోటికి కదిలిన సందర్భాలు ఆయన రచనలలో ఉన్నాయి. అక్కడ తరం నుండి తరానికి అందేది కట్టే తీరు, కూడి కట్టే పద్ధతి. ఆ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి. బెట్టీ వర్ధంతి నాడు జనవరిలో గ్రామస్థులు వారిని తలచుకుంటారు.

కెస్లాపూర్ నాగోబా దగ్గర ఇదే తర్కం మరింత స్పష్టంగా కనబడుతుంది. పుష్యమాసపు జాతరకు సిరికొండ కుమ్మరులు కొత్త కుండలు చేస్తారు, మెస్రం వంశపు ఆడపడుచులు, అల్లుళ్ళు పుట్టమట్టిని కొత్తగా తీర్చిదిద్దుతారు. ఏటా మళ్ళీ చేయడం వల్లనే అది పాతది. ఆ వంశస్థులే తమలో తాము చందాలు వేసుకొని కొత్తగా రాతి గుడి కట్టుకున్నారు. అది 2022లో పూర్తయింది. పురావస్తు దృష్టికి ఇది పాత కట్టడాన్ని మార్చివేయడం. మెస్రం దృష్టికి ఇది కాపాడుకోవడం. ఈ రెండవ దృష్టి కింది కులాల మట్టి ఇళ్ళకు కూడా పనికివస్తుందని నా అభిప్రాయం. మట్టిగోడ నిలవదు, మట్టిగోడ పెట్టడం తెలిసిన చేతులు నిలవాలి.

సామల సదాశివ ‘యాది’ని కూడా ఈ కోణంలో చూడవచ్చు. ఉర్దూ, మరాఠీ, తెలుగు కలగలసిన ఆదిలాబాద్ జీవితాన్ని ఆయన భవనాల ద్వారా చెప్పలేదు. గురువులు, మిత్రులు, గాయకులు, కవులు, వారి మాటతీరు, వారి మర్యాదలు, వీటి ద్వారా చెప్పారు. పుస్తకం పేరే ఉర్దూ నుండి వచ్చి తెలంగాణ తెలుగులో స్థిరపడిన మాట. ఒక వాడలో ఎవరెవరు ఏ భాషలో పలకరించుకునేవారో తెలియకుండా ఆ వాడ ముఖద్వారానికి రంగులు వేస్తే మిగిలేది నాటకపు తెర.

7. తెలుగు శాఖలు చేయగలిగిన పని

ఈ చర్చలో తెలుగు అధ్యాపకుల పాత్ర ఉపన్యాసాలతో ఆగనక్కరలేదు. మన కళాశాలల విద్యార్థులలో ఎక్కువమంది ఆ ఊళ్ళ నుండే వస్తున్నారు. వారిలో గడీకి పని చేసిన కుటుంబాల పిల్లలు ఉన్నారు, కొన్నిచోట్ల గడీ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. 1978లో 15 ఏళ్ళ వయసున్నవారు ఇప్పుడు 60 దాటారు. స్వయంగా వెట్టి చేసినవారు అంతకంటే పెద్దవారు, ఏటేటా తగ్గిపోతున్నారు. గడీ గోడ మరో 20 ఏళ్ళు నిలవవచ్చు, వారి జ్ఞాపకం అంతకాలం ఆగదు. కాబట్టి వరుసక్రమంలో ముందు చేయవలసినది గోడల కొలతలు తీయడం కాదు, ఈ జ్ఞాపకాలను వారి పలుకుబడిలోనే నమోదు చేయడం. మాండలిక పదకోశాలకు కూడా ఇందులో పని ఉంది. గడీ భాగాల పేర్లు దొరల కుటుంబాలు ఒక విధంగా, పనివారు మరో విధంగా చెబుతారు. ఆ తేడాను ఇంకా ఎవరూ సమగ్రంగా సేకరించలేదు.

ప్రశ్నలు పెద్దవి కానక్కరలేదు. నవలలు చదివిన విద్యార్థికి అవి సహజంగానే తోస్తాయి. అవ్వా, మీరు ఏ దర్వాజ నుండి లోపలికి పోయేటోళ్ళు? నీళ్ళు ఏ బావి నుండి తెచ్చేటోళ్ళు, ఎక్కడ పోసేటోళ్ళు? అన్నం ఎక్కడ కూర్చొని తినేటోళ్ళు? పోవుడు ఏ ఏడు బంద్ చేసిండ్రు?